కొనరాని విద్య

ఏటేట ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడి, ఇంజనీరింగు కళాశాలల ప్రవేశమునకు కౌన్సెలింగు ఆరంభమగు దినములలో నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమలో ఏ ఊరి రచ్చబండ కడ నిలిచినను వినవచ్చు ప్రశ్న ఒక్కటియే: ‘‘కంప్యూటరు సైన్సులో సీటు వచ్చినదా?’’ ఉదయగిరి మొదలుకొని ఆత్మకూరు వరకు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, మర్రిపాడు, అనంతసాగరము, ఎచ్చటనైనను ఇదియే మాట. ఒకనాడు ఇంటికొక బడిపంతులుద్యోగమో, గుమస్తాగిరియో ఉన్నచో సంసారము గట్టెక్కునని తలచిన తల్లిదండ్రులు నేడు ఇంటికొక సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఉండవలెనని తలచుచున్నారు. పట్టణములలోని పెద్దలు కొందరు ఈ తలంపును చూచి నవ్వుచుందురు. అది నవ్వదగిన విషయము కాదు.

వానను నమ్ముకొని బ్రదుకు సీమ అది. సోమశిల జలాశయము ఆత్మకూరునకు చేరువనే ఉన్నను, వెలికొండల నీడనున్న పల్లెలనేకము చెరువునో, బోరునో, మబ్బునో నమ్ముకొనియే నేటికిని కాలము గడుపుచున్నవి. వరుసగా రెండేండ్లు వాన మొగము చాటు చేసినచో కుటుంబములు నెల్లూరునకో, చెన్నపట్టణమునకో, బెంగుళూరునకో తరలిపోవుట అలవాటైనది. అట్టి ఇంట పుట్టిన బిడ్డకు, మబ్బుతో నిమిత్తము లేక నెలనెల జీతము తెచ్చిపెట్టు విద్య కామధేనువువలె కన్పట్టుటలో వింత యేమున్నది? తండ్రి పొలము తాకట్టుపెట్టియైనను బిడ్డను ఆ శాఖలో చేర్పించుచున్నాడన్నచో, దానిని దురాశ యనరాదు. కనుక మేమడుగదలచిన ప్రశ్న వేరు. ఇంత త్యాగమునకు ప్రతిఫలముగా ఆ బిడ్డకు నాలుగేండ్లలో దొరకుచున్నదేమి? విద్యయా, లేక విద్య పేర ఒక కాగితమా?

ఈ ప్రశ్న వేయుటకు కారణము కలదు. ఇంజనీరింగు చదువులో కడపటి సంవత్సరమున విద్యార్థి స్వయముగా ఒక నిర్మాణమును తలపెట్టి, తోటివారితో కలసి దానిని పూర్తిచేసి, పరీక్షకుల యెదుట సమర్థించుకొనవలెనని నియమము. దీనినే ప్రాజెక్టు అందురు. అంతవరకు పుస్తకములలో చదివినదంతయు ఆచరణలో నిగ్గుతేలవలసిన సమయమిది. అట్టి ప్రాజెక్టు నేడు అంగడి సరకైనది. హైదరాబాదులోని అమీర్‌పేటలోనేమి, జిల్లా కేంద్రములలోనేమి, ‘ప్రాజెక్టులు ఇచ్చట లభించును’ అను బోర్డులు బహిరంగముగానే వ్రేలాడుచున్నవి. రుసుము చెల్లించినచో పేరు, కోడు, నివేదిక, వైవాలో చెప్పవలసిన జవాబులు సర్వము కట్టగట్టి ఇత్తురు. ఒకే ప్రాజెక్టు పది కళాశాలలలో పది పేర్లతో ప్రత్యక్షమగుటయు కద్దు. విద్యార్థికి మార్కులు వచ్చును. కళాశాలకు ఉత్తీర్ణతా శాతము వచ్చును. అంగడివానికి ధనము వచ్చును. అందరును సంతుష్టులే. రానిది విద్య యొక్కటియే.

ఆ రాని విద్య ఎట్టిదో తెలిసిననేగాని నష్టమెంతయో తెలియదు. సాఫ్ట్‌వేరనగా కోడు వ్రాయుట యని లోకమున ఒక అపోహ కలదు. కోడు వ్రాయుట అందలి ఒక భాగము. పెద్ద భాగము కూడ కాదు. 1968 అక్టోబరులో జర్మనీ దేశమందలి గార్మిష్ పట్టణమున నాటో సంస్థ ఆధ్వర్యమున కొందరు శాస్త్రజ్ఞులు సమావేశమైరి. అప్పటికే యంత్రముల శక్తి ఏటేట పెరుగుచుండెను. వానికి వ్రాయు ప్రోగ్రాములు మాత్రము గడువు దాటుచు, అంచనాలు మించుచు, తప్పులతో నిండి యుండెను. దానికి వారు పెట్టిన పేరు ‘సాఫ్ట్‌వేరు సంక్షోభము’. వంతెన కట్టువాడు లెక్కకట్టి, పరీక్షించి, బాధ్యత వహించి కట్టునట్లు ప్రోగ్రామును కూడ కట్టలేమా యను ప్రశ్న నుండియే ‘సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు’ అను మాటకు ప్రచారము కలిగినది. వాడుకొనువారికి నిజముగ కావలసినదేమో కనుగొనుట, దానిని సందిగ్ధము లేకుండ వ్రాతలో పెట్టుట, పెద్ద పనిని ఒకదాని నొకటి చెరుపని చిన్న పనులుగా విభజించుట, ప్రతి భాగమును పరీక్షించుట, పిదప ఏండ్ల తరబడి దానిని కాపాడుకొనుట - ఇవి యీ శాస్త్రమునకు అంగములు. కొన్న ప్రాజెక్టులో ఈ యైదింటిలో ఒక్కటియు లేదు. ఎవరి అవసరమో తెలియదు. ఎవరు విభజించిరో తెలియదు. ఎవరు పరీక్షించిరో తెలియదు. వైవా ముగిసిన మరునాడు దానిని తెరచి చూచువాడే ఉండడు.

ఎరువు తెచ్చుకొన్న కోడు ఎంత పని చేయునో లోకము చూచియే యున్నది. 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు తన మొదటి ప్రయాణమున నింగికెగసిన 40 సెకండ్లలోపలనే త్రోవ తప్పి పేలిపోయినది. విచారణలో తేలిన కారణము మిక్కిలి చిన్నది. దిక్కును తెలుపు యంత్రములోని ప్రోగ్రామును అంతకుముందరి ఏరియాన్-4 నుండి యథాతథముగా తెచ్చి పెట్టిరి. పాత రాకెట్టు వేగమునకు ఆ లెక్కలు సరిపోయినవి. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు. 64 బిట్ల సంఖ్యనొకదానిని 16 బిట్ల చోటులో ఇముడ్చబోగా అది ఇమడలేదు, యంత్రము తడబడినది, రాకెట్టు కూలినది. ఆ కోడు వ్రాసినవారు అజ్ఞానులు కారు. పాత చోట చక్కగా పనిచేసిన కోడే యది. క్రొత్త చోటికి తగునా యని ఎవరును పరీక్షింపకపోవుటయే లోపము. పక్క కళాశాలవారి ప్రాజెక్టును పేరు మార్చి సమర్పించు విద్యార్థి ఈ కథను ఒక్కసారి తలచుకొనవలెను.

అంత దూరము పోనక్కరలేదు. మన భాషలోనే ఇంతకంటె విచిత్రమైన ఉదాహరణము దొరకును. 2018 ఫిబ్రవరిలో లోకమందలి ఐఫోనులను ఒక తెలుగు అక్షరసంపుటి నిలువునా కూల్చినది. అది ‘జ్ఞా’, జ్ఞానమను మాటకు మొదటి అక్షరము! నడుమ కంటికి కనబడని ఒక గుర్తుతో కూడి ఆ సంపుటి సందేశముగా వచ్చినంతనే, దానిని తెరపై చూపబోయిన ప్రోగ్రాము చతికిలబడెడిది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణను విడుదల చేసినది. వార్త వచ్చిన దినమున మనవారు నవ్వుకొనిరి. కొందరు గర్వించిరి కూడ. కాని ఆలోచింపవలసిన విషయము వేరొకటి యున్నది. కోట్ల జనులు మాటాడు భాష మనది. 1991 నుండి యూనికోడులో తెలుగునకు స్థానము కలదు. లోకములో ఏ పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థలో చూచినను తెలుగువారు కన్పట్టుచున్నారు. అయినను, హల్లుకు హల్లు జతపడి గుణింతము చేరి సంయుక్తాక్షరమెట్లు రూపొందునో, ఎక్కడెక్కడ చిక్కువచ్చునో, ముందుగా పరీక్షించి చూపిన చేయి లేకపోయినది. ఒత్తులు, గుణింతములు పలకపై దిద్దిన ప్రతి పల్లెబిడ్డకును ఆ పరీక్షకు కావలసిన మూలజ్ఞానము కలదు. తనకు తెలిసిన యా విద్య శాస్త్రమునకు పనికివచ్చునని వానికెవరును చెప్పలేదు. మన చదువులలోని లోటు ఇచ్చట స్పష్టముగ తెలియుచున్నది.

వైఫల్యమును ముందే ఊహించి కట్టుట ఎట్టి ఫలితమిచ్చునో శ్రీహరికోట సాక్ష్యము చెప్పును. 2022లో తిరుపతి జిల్లాలో చేరకముందు ఆ దీవి నెల్లూరు జిల్లాలోనిదే. అచ్చటినుండి వెడలిన చంద్రయాన్-2 యొక్క ల్యాండరు 2019 సెప్టెంబరు 7వ తేదీన చంద్రునిపై దిగబోవుచు చివరి ఘడియలలో నష్టమైనది. ఇస్రో శాస్త్రజ్ఞులు ఆ ఓటమిని మరుగుపరచక, సూక్ష్మముగ విప్పి చూచిరి. అన్నియు సక్రమముగ జరుగునను నమ్మకముపై కట్టుటకు బదులు, ఏది చెడినను ఎట్లు నిలుచునని ప్రశ్నించి చంద్రయాన్-3ను రూపొందించితిమని వారు 2023లో వివరించిరి. ఆ యేడు ఆగస్టు 23వ తేదీన ల్యాండరు సురక్షితముగ దిగినది. రెండు యాత్రల నడుమ గడచిన నాలుగేండ్లు మన విద్యార్థి ఇంజనీరింగు చదువునకు పట్టు కాలముతో సమానము. ఒకచోట ఆ కాలము ఓటమిని చదువుటకు వినియోగపడినది. మరియొకచోట గెలుపు పత్రమును కొనుటకు వినియోగపడుచున్నది.

కట్టినదానిని కాపాడుకొనుటను గూర్చి మెట్టసీమవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. చెరువు త్రవ్వించినవాని పేరు శాసనములలో నిలుచును; కాని చెరువు నిలుచుట ఏటేట పూడిక తీసి, కట్టకు మన్నువేసి, తూములు చక్కబెట్టిన రైతుల వలన. దానినే మన పెద్దలు కుడిమరామత్తు అనిరి. మరామత్తు మానిన చెరువు తెగును. సాఫ్ట్‌వేరు గుణము సరిగా ఇట్టిదే. వాడుకలోనున్న ప్రోగ్రాము, లోకము మారుచున్నంత కాలము తానును మారుచుండవలెననియు, మార్పు చేయుకొలది చిక్కుపడుచుండుననియు, చిక్కు తీయుటకు వేరే శ్రమ పడవలెననియు మానీ లేమన్ అను శాస్త్రజ్ఞుడు 1970 ప్రాంతముల నుండి పరిశోధించి సూత్రీకరించెను. క్రొత్తగా వ్రాయుటకంటె వ్రాసినదానిని కాపాడుటకే హెచ్చు వ్యయమగునని ఈ వృత్తిలోనివారెల్లరు ఎరిగినదే. అయినను మన శాఖలలో ప్రతి యేడును క్రొత్త ప్రాజెక్టే; నిరుటి జట్టు వ్రాసినదానిని ఈ యేటి జట్టు చేపట్టి బాగుచేయుట యను పద్ధతి అరుదు. ఏటికొక చెరువు త్రవ్వి, ఏ చెరువునకును మరామత్తు చేయని ఊరు ఎట్లుండునో యోచింపుడు.

తప్పంతయు విద్యార్థిదే యనుట న్యాయము కాదు. పదవ తరగతి వరకు తెలుగులో చదివి, ఒక్కసారిగా ఆంగ్ల గ్రంథముల నడుమ పడిన బిడ్డ, ప్రశ్న అడిగినచో పదిమంది నవ్వుదురను భయముతో మొదటి సంవత్సరమంతయు మౌనముగా గడపును. నెల్లూరునకు ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. హాస్టలులో చేరినవానికి ఇల్లు దూరము. ఇంట నుండి వచ్చువానికి పొద్దంతయు బస్సులోనే. ల్యాబులో రికార్డును పై తరగతివారి రికార్డు చూచి దింపుట మొదటి దినముననే అలవాటగును. ఉపాధ్యాయుని పక్షమునను చెప్పవలసినది కలదు. ఒక్కొక్కరి మీద పెక్కు జట్ల భారము, దానిపై తనిఖీలకు కావలసిన కాగితముల భారము. వానిలో పలువురు తామును కొన్న ప్రాజెక్టులతోనే పట్టభద్రులైనవారు. అంగడి ఈ బలహీనతలన్నిటి పైనను వెలసినది. కావున అంగడిని తిట్టుటవలన మాత్రము ప్రయోజనము లేదు.

సంస్థలు లేక ఈ స్థితి వచ్చినదనుటకును వీలు లేదు. నాటి నెల్లూరు జిల్లాలోని విద్యానగరమున 1979లోనే ఇంజనీరింగు కళాశాల వెలసినది. తరువాతి దశాబ్దములలో ఉదయగిరికి సైతము ఇంజనీరింగు కళాశాల వచ్చినది. నెల్లూరున విక్రమసింహపురి విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది. పల్లెల ప్రతిభావంతులకొరకే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము అదే యేట నెలకొల్పబడి, ఇడుపులపాయ, నూజివీడు, బాసరలలో పదవ తరగతి మార్కులతోనే బిడ్డలను చేర్చుకొన్నది. హైదరాబాదులో 1998లో స్థాపింపబడిన ఐ.ఐ.ఐ.టి.లో సాఫ్ట్‌వేరు ఇంజనీరింగునకే ప్రత్యేకమైన పరిశోధన కేంద్రము కలదు. ఆ సంస్థ పాలకమండలికి అధ్యక్షత వహించిన రాజ్ రెడ్డిగారు చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించి, 1994లో కంప్యూటరు శాస్త్రమునకు అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారము నందుకొనిరి. ఈ శాస్త్రమున ప్రపంచములోకెల్ల ప్రధానమైన సదస్సు 2014లో, మే మాసాంతమున మొదలై జూన్ మొదటి వారము వరకు, హైదరాబాదుననే జరిగినది. రాష్ట్రము రెండుగా విడిపోవుచున్న ఆ వారముననే నగరములో దేశదేశముల పరిశోధకులు ప్రోగ్రాములలోని తప్పులను పట్టు పద్ధతులను గూర్చి చర్చించుచుండిరి. అయినను ఆ చర్చలలోని గాలి మన జిల్లా కళాశాలల ల్యాబుల వరకు వీచినట్లు కన్పట్టదు.

ఇప్పుడొక క్రొత్త వాదము బయలుదేరినది. అడిగినంతనే కోడు వ్రాసిపెట్టు కృత్రిమ మేధ వచ్చినది గదా, ఇక విద్యార్థి నేర్చుకొనవలసినదేమున్నదని కొందరు. ప్రాజెక్టుల అంగడికి ఈ యంత్రము చౌకయైన పోటీ మాత్రమేయని మరికొందరు. ఈ వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. కోడు వ్రాయుటయే విద్యయైనచో ఆ విద్య విలువ నిజముగనే పడిపోవుచున్నది. కాని యంత్రమేమి వ్రాయవలెనో చెప్పవలసినవాడు మనుష్యుడు. అది వ్రాసినది సరియో కాదో తేల్చవలసినవాడును మనుష్యుడే. పరీక్షలు తప్పు ఉన్నదని చూపగలవే కాని తప్పు లేదని నిరూపింపలేవని డైక్‌స్ట్రా అను మహాశాస్త్రజ్ఞుడు ఏనాడో హెచ్చరించెను. చూడ ముచ్చటగా నుండి, లోపల తప్పు దాచుకొన్న కోడు క్షణములో కుప్పలుగా వచ్చిపడు నేటి దినమున ఆ హెచ్చరిక విలువ ఇంకను పెరిగినది. వ్రాయువాని జీతము తగ్గవచ్చును. అవసరము గుర్తెరిగి, తప్పు పట్టగలవాని జీతము తగ్గదు. అంగడి ప్రాజెక్టుతో పట్టభద్రుడైనవాడు యంత్రము చేయు పనియు నేర్వడు, యంత్రము చేయలేని పనియు నేర్వడు.

కర్తవ్యమేమి? మా అభిప్రాయమున పరిశోధన ఇంటి గడప వద్దనే మొదలుకావలెను. ఉదయగిరిలో కొండల కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కు కుటుంబములు కలవు. ఆ కళ భౌగోళిక గుర్తింపు పొందినది. వారికి వచ్చు ఆర్డర్లెన్ని, కర్ర యెంత, ఏ నమూనాకు గిరాకి యెంత యను లెక్క ఉంచు చిన్న ప్రోగ్రాము ఒక జట్టుకు చాలినంత ప్రాజెక్టు. కాని దానిని కట్టవలెనన్నచో విద్యార్థి ఆ కార్మికుల కడ కూర్చుండి వినవలెను. వారి మాటను వ్రాతలో పెట్టి తిరిగి వారికి చదివి వినిపింపవలెను. ‘‘అట్లు కాదు నాయనా’’ యని వారన్నప్పుడు దిద్దుకొనవలెను. వాడుకొనువారి అవసరమును కనుగొనుట యను శాస్త్రాంగము పుస్తకములో పది పుటలు. ఆ గరిటెల కొట్టులో పది దినముల శిక్షణ. అటులనే సోమశిల కాలువకు నీరు వదలు తేదీలను ఆయకట్టు రైతులకు తెలుగులో తెలుపు పని కలదు. ఉన్నత పాఠశాల గ్రంథాలయపు పుస్తకముల పట్టిక కలదు. పల్లె బస్సుల వేళలు కలవు. వీనిలో ఏదియు పత్రికలకెక్కునంత గొప్పది కాదు. అయినను ప్రతిదానికిని నిజముగా వాడుకొను మనుష్యుడున్నాడు, తప్పు జరిగినచో వచ్చి అడుగు మనుష్యుడున్నాడు. కొన్న ప్రాజెక్టును అడుగు మనుష్యుడు లేడు.

కంప్యూటరు శాఖల పెద్దలకు మూడు సూచనలు. ప్రాజెక్టును కడపటి అర్ధసంవత్సరపు తంతుగా విడువక, రెండవ యేటినుండియే చిన్నదిగా మొదలిడుడు. ప్రతి యేటి జట్టు నిరుటి జట్టు పనిని చేపట్టి, అందలి తప్పులను కనుగొని సరిదిద్దినచో దానికిని క్రొత్త నిర్మాణముతో సమానముగా మార్కులిండు. వైవాలో పరీక్షకుడు నివేదిక పుటలు తిరుగవేయుటకు బదులు, ‘‘ఇందులో ఈ చిన్న మార్పు నా యెదుట చేసి చూపుము’’ అని అడుగవలెను. తాను కట్టినవాడు తడబడియైనను చేయును. కొన్నవాడు చేయలేడు. ఈ ఒక్క ప్రశ్నతో అంగడి సగము మూతపడగలదు. దీనికి క్రొత్త భవనములక్కరలేదు, ప్రభుత్వోత్తరువులక్కరలేదు. పరీక్షకునికి ధైర్యమును, ఒక అరగంట ఓపికయు చాలును.

పాఠశాల ఉపాధ్యాయులకు మా మనవి వేరొకటి. బడిలో కంప్యూటర్లు లేవని విచారింపకుడు. ఒక పనిని మెట్టుమెట్టుగా, ఎదుటివానికి సందేహము కలుగకుండ, స్వచ్ఛమైన తెలుగులో వ్రాయించుడు. ఊరి చెరువు తూము ఎత్తు విధమో, అంబలి కాచు విధమో, ఏదైనను సరియే. వ్రాసినదానిని మరియొక విద్యార్థిచేత అక్షరాల ఆచరింపజేసి, ఎక్కడ చిక్కుపడునో తరగతి యంతయు చూచునట్లు చేయుడు. చేసిన లెక్కను మరియొక మార్గమున సరిచూచుకొను అలవాటు నేర్పుడు. తప్పు కనుగొన్న బిడ్డను, సరిగా చెప్పిన బిడ్డతో సమానముగ మెచ్చుకొనుడు. సాఫ్ట్‌వేరు ఇంజనీరింగునకు పునాది ఇదియే. ఈ పునాదిపై వచ్చిన పిల్లవాడు కళాశాలలో ఆంగ్లమునకు కొన్నాళ్లు జంకవచ్చును, విషయమునకు జంకడు.

విద్యార్థులారా, ఉదయగిరి దుర్గము బలమైనది. కొండపైనను కొండక్రిందను కోటలు గల దానిని గజపతుల నుండి గెలుచుకొనుటకు శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా ముట్టడి సాగించి, 1514లో గాని లోనడుగు పెట్టలేకపోయెను. అంతటి సైన్యము వెంటనున్నను ఆయనకును దగ్గర దారి దొరకలేదు. మీకు నాలుగేండ్ల గడువు కలదు. అందలి చివరి యేడు మీ కుటుంబము చెమటతో కొని ఇచ్చిన కాలము. ఆ కాలమును అమ్మి ఒక అట్టల పుస్తకమును కొనుక్కొనకుడు. మీరు కట్టిన ప్రోగ్రాము చిన్నదైనను, వంకరదైనను, మీ ఊరివాడొకడు దానిని వాడి, ‘‘ఇక్కడ తప్పున్నది’’ అని మీ యింటి తలుపు తట్టిననాడు మీ నిజమైన చదువు మొదలైనదని యెరుగుడు.